జియోగ్రిడ్ గోడ కట్టడం: మట్టి ఎంపిక నుంచి మొదటి వానాకాలం దాకా

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు రెండు పక్కలా నిలువుగా లేచిన కాంక్రీటు పలకల గోడ చూసే ఉంటారు. సైట్లో దాన్ని ఆర్‌ఈ వాల్ (రీఇన్‌ఫోర్స్‌డ్ ఎర్త్ వాల్, అంటే లోపల బిగించిన మట్టి గోడ) అంటారు. ఆ పలక మందం మహా అయితే జానెడు ఉంటుంది. ఏడెనిమిది మీటర్ల మట్టిని ఆ పలక ఒక్కటే ఆపలేదు. ఆపుతున్నది వెనక మట్టిలో పొరలు పొరలుగా పరిచిన పట్టీలో, వలలో. పలక పని ముఖం (బయటికి కనిపించే వైపు) దగ్గర మట్టి రాలిపోకుండా చూడడం వరకే.

మట్టిని నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే విడిపోతుంది. మన పల్లెల్లో మట్టిగోడ పెట్టేవాళ్లు అడుసులో వరిగడ్డి వేసి తొక్కింది ఈ లోపం తీర్చడానికే. 1960ల్లో ఫ్రెంచి ఇంజినీరు హెన్రీ విడాల్ ఇదే ఆలోచనను లెక్కల్లోకి తెచ్చి, ఇనుప పట్టీలతో మట్టిని బిగించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత ఇనుముకు తోడుగా పాలిమర్ వలలు వచ్చాయి. వాటినే జియోగ్రిడ్ అంటున్నాం. సిక్కింలో 2018లో ప్రారంభమైన పాక్యోంగ్ విమానాశ్రయం కోసం కొండ అంచున 70 మీటర్లకు పైగా ఎత్తు లేపిన కట్టడంలోనూ పనిచేస్తున్నది ఈ సూత్రమే.

మనకు అంత ఎత్తు అక్కర్లేదు. ఇక్కడ తీసుకునే ఉదాహరణ చిన్నది. వాలు స్థలం, పల్లపు వైపు 30 మీటర్ల పొడవు గోడ, పునాది నుంచి పై వరకు 4.5 మీటర్లు, పైన కార్లు నిలుపుతారు. ముఖానికి 200 మిల్లీమీటర్ల ఎత్తు, 300 లోతు ఉండే కాంక్రీటు బ్లాకులు. 22 వరసల బ్లాకులు, పైన 100 మిల్లీమీటర్ల కోపింగ్ (పై మూత వరస). విశాఖ కొండవాలుల్లోనో, హైదరాబాద్ చుట్టూ రాళ్ల గుట్టల మీదో ఇల్లో షెడ్డో కట్టేవాళ్లకు ఎదురయ్యే ఎత్తు ఇది.

ఒక్క మాట ముందే చెప్పాలి. మీటరు లోపు తోట గట్టుకైతే ఈ వ్యాసం చదివి మేస్త్రీతో పని నడిపించుకోవచ్చు. రెండు మీటర్లు దాటినా, పైన ఇల్లో బండ్లో ఉన్నా, కింద మనుషులు తిరుగుతున్నా జియోటెక్నికల్ (మట్టి, పునాదుల) ఇంజినీరు సంతకం లేకుండా మొదలుపెట్టొద్దు. ఇక్కడి లెక్కలు ఆ ఇంజినీరుతో సమానంగా మాట్లాడడానికి పనికొస్తాయి, ఆయన బదులు కాదు.

అసలు ఈ గోడ మీ స్థలానికి నప్పుతుందా?

కాంక్రీటు గోడకూ దీనికీ ఉన్న పెద్ద తేడా వెనక చోటు. గోడ ఎత్తులో కనీసం 70 శాతం మేర గ్రిడ్ లోపలికి పోవాలి. నాలుగున్నర మీటర్ల గోడకు మూడున్నర మీటర్లు అనుకోండి. మీ స్థలం మెరక వైపుంది, పల్లాన్ని నింపి చదును చేస్తున్నారు అంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ఎలాగూ మట్టి పోయాలి, పోస్తూ పోస్తూ మధ్యలో గ్రిడ్ పరుస్తారు.

దీనికి తలకిందులైన సందర్భం చూడండి. మీ స్థలం పల్లంలో ఉంది, మెరక పక్కవాళ్లది, హద్దు మీదే గోడ కావాలి. అప్పుడు గ్రిడ్ పక్కవాళ్ల భూమిలోకి వెళ్లాలి. వాళ్లు ఈరోజు ఒప్పుకున్నా, రేపు సెల్లార్ తవ్వితే మీ గోడ నడుము తెగినట్టే. అలాంటి చోట ఆర్‌సీసీ గోడో, రాతి గోడో కట్టుకోవడమే మంచిది.

మొదటి అడుగు: గ్రిడ్ సంగతి తర్వాత, ముందు మట్టి చూడండి

అందరూ గ్రిడ్ కంపెనీల బ్రోచర్లతో మొదలుపెడతారు. అది తలకిందుల పద్ధతి. అమెరికాలో జియోసింథటిక్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన రాబర్ట్ కోర్నర్, కూలిన లేదా బాగా వంగిపోయిన 171 జియోసింథటిక్ (పాలిమర్ వలలు, గుడ్డలతో కట్టిన) గోడల వివరాలు సేకరించి 2013లో ప్రచురించాడు. అందులో దాదాపు 60 శాతం గోడల్లో వెనక నింపింది బంకమన్ను, సన్నటి ఒండ్రు లాంటి మట్టి. దాదాపు అంతే శాతం గోడలు దెబ్బతినడానికి కారణం నీళ్లు. గ్రిడ్ తయారీలో లోపం వల్ల పడిపోయిన గోడ ఒక్కటి కూడా లేదు. నేను ఎవరికి సలహా చెప్పినా ముందు చెప్పేది ఇదే: వల కోసం బేరాలాడి మిగిల్చిన డబ్బు మట్టి మీద పెట్టండి.

ఎలాంటి మట్టి కావాలి? మన జాతీయ రహదారుల స్పెసిఫికేషన్లు, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ ఎస్‌పీ 102 మార్గదర్శకాలు అడిగేవి ముఖ్యంగా మూడు. 75 మైక్రాన్ల జల్లెడ దాటే సన్న పదార్థం 15 శాతం మించకూడదు. ప్లాస్టిసిటీ ఇండెక్స్ (మట్టిలో బంకతనం ఎంతో చెప్పే అంకె) 6 దాటకూడదు. ఘర్షణ కోణం (మట్టి గింజల మధ్య రాపిడి ఎంతో చెప్పే కొలత) కనీసం 30 డిగ్రీలు ఉండాలి. రాళ్ల సైజుకూ ఒక హద్దు ఉంటుంది, నేనైతే గ్రిడ్ చిరగకుండా 40 మిల్లీమీటర్ల లోపే ఉంచుతాను.

తెలంగాణలో మంచి మొరం, కోస్తాలో గట్టి గ్రావెల్, ఇసుక, క్రషర్ డస్ట్ కలిపిన మిశ్రమం ఈ పరీక్షలు నెగ్గుతాయి. ఐతే ‘మొరం’ అన్న పేరు చూసి టిప్పర్ దింపించుకోవద్దు. ఒకే క్వారీలో పై పొర మొరం బాగుండి, కింది పొర ఎర్ర బంకగా ఉండడం మామూలే. నల్లరేగడి అయితే ఊసే వద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది, ఉబ్బిన ప్రతిసారీ గోడను ముందుకు తోస్తుంది. కృష్ణా, గుంటూరు వైపు తవ్విన మట్టి అక్కడే ఉంది కదా అని దాన్నే వెనక్కి నింపాలనిపిస్తుంది. ఆ కోరిక చంపుకోవాల్సిందే. రామగుండం లాంటి థర్మల్ కేంద్రాల దగ్గర దొరికే చెరువు బూడిద (బొగ్గు కాల్చగా మిగిలి, నీటితో చెరువుల్లోకి వదిలేది) కూడా వాడతారు. తేలిక, ఘర్షణ కోణం బాగుంటుంది, కానీ నీటికి కోసుకుపోతుంది. అది ఇంజినీరు పర్యవేక్షణలో చేయాల్సిన పని, ఇంటి గోడకు వద్దు.

లాబ్‌కు పంపేముందు సైట్లోనే రెండు చిన్న పరీక్షలు చేయొచ్చు. పిడికెడు మట్టి తడిపి అరచేతుల మధ్య దారంలా చుట్టండి. 3 మిల్లీమీటర్ల సన్నదనానికి తెగకుండా వచ్చిందంటే అందులో బంక ఉంది. రెండోది, గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి పెట్టండి. నిమిషంలో అడుగున చేరింది ఇసుకా గ్రావెలూ. గంట తర్వాత కూడా నీళ్లు టీ రంగులో ఉంటే ఆ లోడు వెనక్కి పంపండి. ఇవి నెగ్గిన మట్టినే లాబ్‌కు ఇచ్చి జల్లెడ పరీక్ష, ప్లాస్టిసిటీ, ప్రాక్టర్ (మట్టి గరిష్ఠంగా ఎంత దట్టంగా కూరుకుంటుందో, దానికెంత తేమ కావాలో చూసేది), డైరెక్ట్ షియర్ (ఘర్షణ కోణం కొలిచేది) చేయించండి. క్వారీ మారితే మళ్లీ చేయించాలి.

మట్టి ఎంత పడుతుందో ముందే లెక్కేసుకోండి. 4.5 ఎత్తు, 3.5 లోతు, 30 పొడవు అంటే దాదాపు 470 ఘనపు మీటర్లు. రోలింగ్‌తో కుదించుకుపోతుంది కాబట్టి 20 శాతం కలుపుకోవాలి. టిప్పరుకు 10 ఘనపు మీటర్లు అనుకుంటే 57 లోడ్లు. ఖర్చులో సింహభాగం ఇదే.

రెండో అడుగు: లెక్క

మట్టి బరువు ఘనపు మీటరుకు 19 కిలోన్యూటన్లు (కిలోన్యూటన్ అంటే దాదాపు వంద కిలోల బరువు), మనం నింపే మట్టి ఘర్షణ కోణం 32 డిగ్రీలు, వెనకున్న సహజ నేల 30 డిగ్రీలు, పైన కార్ల బరువు చదరపు మీటరుకు 10 కిలోన్యూటన్లు అనుకుందాం. మట్టి ఒత్తిడి లెక్కకట్టే రాంకిన్ సూత్రం ప్రకారం పక్క ఒత్తిడి గుణకం (పై బరువులో ఎంత భాగం పక్కకు తోస్తుందో చెప్పే అంకె) నింపే మట్టికి 0.307, వెనక నేలకు 0.333 వస్తాయి.

గ్రిడ్, మట్టి కలిసిన మొత్తాన్ని ఒకే దిమ్మెలా ఊహించుకోండి. 3.5 మీటర్ల వెడల్పు, 4.5 ఎత్తు. దాని బరువు మీటరు పొడవుకు 299 కిలోన్యూటన్లు. వెనక నేల తోస్తున్న బలం 79. దిమ్మె అడుగున 30 డిగ్రీల రాపిడి ఇచ్చే ప్రతిఘటన 173. భాగిస్తే 2.2. జారకుండా ఉండడానికి 1.5 చాలు కాబట్టి ఇది నెగ్గింది. పైన బండ్లు నిండా ఉన్నప్పుడు పునాది నేల మీద పడే ఒత్తిడి చదరపు మీటరుకు 123 కిలోన్యూటన్లు, మన లెక్కలో పన్నెండున్నర టన్నులు. గట్టి మొరం నేల దీన్ని తేలిగ్గా మోస్తుంది. తడి నల్లరేగడో, డెల్టా ఒండ్రో మోయలేదు. అక్కడ తవ్వి గ్రావెల్ నింపాలి, లేదా డిజైన్ మార్చాలి.

ఇక లోపలి లెక్క. గ్రిడ్ పొరలు అడుగు నుంచి 0.2, 0.8, 1.4, 2.0, 2.6, 3.2, 3.8, 4.2 మీటర్ల ఎత్తుల్లో పెడదాం. మొత్తం ఎనిమిది. మధ్య దూరం 600 మిల్లీమీటర్లు, అంటే మూడు బ్లాకులు (పై రెండింటి మధ్య 400). బ్లాకు లోతుకు రెట్టింపు మించి దూరం పెట్టకూడదన్న నియమానికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఎక్కువ లాగుడు పడేది కింది రెండు పొరల మీద, మీటరు వెడల్పుకు 15 కిలోన్యూటన్ల లోపు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. 15 కావాలంటే 20 బలమున్న గ్రిడ్ కొంటే సరిపోతుందనుకుంటారు. బ్రోచర్‌లో ఉండేది తెగే బలం, అదీ లాబ్‌లో నిమిషాల్లో లాగి చూసినది. పాలిమర్‌ను ఏళ్ల తరబడి లాగి పట్టుకుంటే మెల్లగా సాగుతుంది. ఆ సాగుడుకు పాలిస్టర్‌లో సుమారు 1.6, మట్టి పోసి రోలర్ తిప్పినప్పుడు తగిలే గాయాలకు 1.2, రసాయన క్షయానికి 1.15 అనుకుంటే, మూడూ గుణిస్తే 2.2. 60 కిలోన్యూటన్ల గ్రిడ్ దీంతో 27కి పడిపోతుంది. దాన్ని భద్రతా గుణకం 1.5తో భాగిస్తే మిగిలేది 18. మనకు కావాల్సింది 15, కాబట్టి 60 గ్రిడ్ సరిపోతుంది. పాలీప్రొపిలీన్ అయితే సాగుడు గుణకమే 4 దాటుతుంది. చవగ్గా వస్తుందని తెగే బలం ఒక్కటే చూసి కొంటే దెబ్బతినేది ఇందుకే.

చివరిది గ్రిడ్ మట్టిలోంచి ఊడిపోవడం. ఇది వినడానికి తిరగేసినట్టుంటుంది: గ్రిడ్ పొడవును తేల్చేది అడుగు పొర కాదు, పై పొర. ముఖం నుంచి వెనక్కి ఏటవాలుగా వెళ్లే ఒక జారుడు తలం ఉంటుంది. దానికి అవతల దిగిన గ్రిడ్ మాత్రమే పట్టు ఇస్తుంది. 4.2 మీటర్ల ఎత్తులో ఆ తలం బ్లాకు వెనక నుంచి 2.33 మీటర్ల దూరాన ఉంటుంది. 70 శాతం నియమం ప్రకారం 3.15 మీటర్లే వేసి ఉంటే అవతల మిగిలేది 80 సెంటీమీటర్లు. కనీసం మీటరు ఉండాలి. పైగా అక్కడ గ్రిడ్ మీద ఉన్న మట్టి 30 సెంటీమీటర్లే, నొక్కే బరువు తక్కువ. 3.5కు పెంచడానికి కారణం ఇదే. అలా పెంచాక పట్టు 4.5, లాగుడు 2.4 కిలోన్యూటన్లు వచ్చి లెక్క కుదురుతుంది. మేస్త్రీ పైకి వచ్చేసరికి ‘ఇక్కడ బరువేం లేదు కదా సార్, పొట్టిగా కోద్దాం’ అంటాడు. ఈ పేరా గుర్తుంచుకోండి.

ఇంజినీరు వీటితో పాటు గోడ, కొండవాలు కలిసి జారే అవకాశాన్నీ, భూకంప బలాన్నీ కంప్యూటర్‌లో చూస్తాడు. వాలు స్థలంలో మొదటిది వదిలేస్తే మిగతా లెక్కలన్నీ ఒప్పయినా గోడ నిలువునా కిందికి జారొచ్చు.

మూడో అడుగు: గ్రిడ్ కొనడం

రోడ్డు కింద పరిచే గ్రిడ్‌కూ గోడ గ్రిడ్‌కూ తేడా ఉంది. రోడ్డుది రెండు వైపులా సమాన బలం ఉన్న బైయాక్సియల్. గోడకు కావాల్సింది యూనియాక్సియల్. దీని బలమంతా రోల్ విప్పే దిశలోనే ఉంటుంది, అడ్డంగా చాలా తక్కువ.

ప్రతి రోల్ మీద లేబుల్, ఆ బ్యాచ్ టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. సగటు బలం కాదు, కనీస హామీ బలం రాసి ఉండాలి. సున్నం కలిపిన మట్టి, తాజా కాంక్రీటు లాంటి క్షారం ఎక్కువున్న చోట పీహెచ్ 9 దాటితే పాలిస్టర్ క్షీణిస్తుంది, అక్కడ హెచ్‌డీపీఈ (ఒక రకం పాలిథిన్) గ్రిడ్ మేలు. రోల్స్‌ను నేల మీద ఎండలో పడేయొద్దు. చెక్కల మీద పెట్టి టార్పాలిన్ కప్పండి.

మన గోడకు బ్లాకు లోపలి 0.3 కలిపి ఒక్కో ముక్క 3.8 మీటర్లు. 5 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవున్న రోల్ అయితే దానిలోంచి 13 ముక్కలొస్తాయి. పొరకు 6 చొప్పున 48 ముక్కలు కావాలి. నాలుగు రోల్స్ సరిపోతాయి, కొంచెం మిగులుతుంది కూడా.

నాలుగో అడుగు: పునాది

డిసెంబరు తర్వాత మొదలుపెట్టి మే లోపు ముగించేలా చూసుకోండి. అటు ఈశాన్య రుతుపవనాల తుఫానులు, ఇటు నైరుతి వానలు తప్పించుకోవడానికి మనకున్న సందు అదే.

గోడ గీత వెనక మూడున్నర మీటర్లూ, ముందు ఓ మీటరూ కలిపి గడ్డీ వేర్లూ పైమన్నూ పూర్తిగా తీసేయండి. ముఖం దగ్గర ఎదుటి నేలకంటే కనీసం 60 సెంటీమీటర్లు లోతుకు వెళ్లాలి. గోడ ముందు నేల ఇంకా కిందికి వాలుతుంటే మరింత లోతు కావాలి. తవ్విన అడుగును రోలర్‌తో తొక్కించండి. ఎక్కడైనా రోలర్ కింద నేల పరుపులా ఊగితే ఆ మేర తవ్వి గ్రావెల్ నింపాలి.

బ్లాకుల కింద 600 మిల్లీమీటర్ల వెడల్పు, 150 మందంతో ఇనుము లేని పీసీసీ ప్యాడ్ పోయాలి. దీని పని బరువు మోయడం కాదు, మొదటి వరస సమంగా కూర్చోవడానికి ఆధారం ఇవ్వడం. అందుకని దీన్ని ఆర్‌సీసీ చేసి గట్టిపరచక్కర్లేదు. మట్టం మాత్రం కచ్చితంగా రావాలి. నీళ్ల ట్యూబుతో కాకుండా ఆటో లెవెల్‌తో చూడండి. మొదటి వరసలో 5 మిల్లీమీటర్ల తప్పు ఇరవై రెండో వరసకు కంటికి కనబడేంత అవుతుంది. ఒక పూట మొత్తం ఈ వరస మీద పోయినా ఫర్వాలేదు.

ఐదో అడుగు: బ్లాకు, కంకర, మట్టి, గ్రిడ్

ఇక్కడి నుంచి పని ఒక చక్రంలా తిరుగుతుంది. ఒక వరస బ్లాకులు పేర్చాలి. బ్లాకు బొక్కల్లోనూ, బ్లాకు వెనక 300 మిల్లీమీటర్ల వెడల్పునా 20 ఎంఎం కంకర నింపాలి. కంకరకూ మట్టికీ మధ్య నాన్‌వోవెన్ జియోటెక్స్‌టైల్ గుడ్డ నిలబెట్టాలి, లేకపోతే సన్న మట్టి కంకరలోకి దిగి దారి మూసేస్తుంది. దాని వెనక మట్టి పోసి తొక్కించాలి. బ్లాకు ఎత్తూ మట్టి పొర మందమూ రెండూ 200 మిల్లీమీటర్లే కాబట్టి వరసకో పొర అని గుర్తుంచుకుంటే చాలు. రెండు మూడు వరసలు ముందే పేర్చేసి తర్వాత మట్టి నింపుదామని మేస్త్రీలు అంటారు. ఒప్పుకోవద్దు, బ్లాకులు బయటికి జరుగుతాయి.

గ్రిడ్ పొర వచ్చిన ఎత్తులో బ్లాకుల పైభాగం చీపురుతో శుభ్రంగా ఊడవండి. రాతి ముక్క ఒక్కటి మిగిలినా పై బ్లాకు వంకరగా కూర్చుంటుంది. గ్రిడ్‌ను బ్లాకు ముందు అంచుకు రెండు సెంటీమీటర్లు ఇవతల దాకా పరిచి, పిన్నులు దూర్చి, పై వరస బ్లాకులు పెట్టాలి. తర్వాత వెనక చివర పట్టుకుని ఇద్దరు ముగ్గురు లాగి ముడతలు పోయాక యూ ఆకారపు కమ్మీలతో నేలకు గుచ్చాలి. మట్టిని ముఖం వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి నెట్టుకుంటూ పోవాలి. అలా చేస్తే ఉన్న కాస్త వదులు కూడా వెనక్కి పోయి గ్రిడ్ బిగుసుకుంటుంది. వెనక నుంచి ముందుకు నెడితే ఆ వదులంతా ముఖం దగ్గర చేరి, రేపు బరువు పడ్డాక బ్లాకులు ఉబ్బుతాయి.

దిశ తప్పు గురించి నా అనుభవం చెప్తాను. ఒక సైట్లో నేను రెండు రోజులు లేను. రోల్ 50 మీటర్లు, గోడ 45 మీటర్లు. కోయడం దేనికి అని కుర్రాళ్లు రోల్‌ను గోడ వెంబడే పొడవుగా దొర్లించేశారు. చూడ్డానికి ఎంత చక్కగా ఉందో! కానీ బలం గోడకు సమాంతరంగా పోయింది, ముఖాన్ని వెనక్కి లాగి పట్టే దిశలో దాదాపు ఏమీ లేదు. మూడు పొరలు తవ్వి తీశాం. అప్పటి నుంచి మొదటి రోల్ విప్పే రోజు నేనే ఉంటాను. రోల్ విప్పే దిశ గోడకు లంబంగా ఉండాలి. ఆ దిశలో అతుకులు వద్దు. రెండు చిన్న ముక్కలు కలిపి మూడున్నర మీటర్లు చేద్దామంటే కుదరదు. పక్క ముక్కలు అంచుకు అంచు తగిలిస్తే చాలు. గోడ మూల తిరిగే చోట రెండు దిశల గ్రిడ్లు ఒకదాని మీద ఒకటి పడితే మధ్యలో 75 మిల్లీమీటర్ల మట్టి ఉండాలి, లేకపోతే ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ జారుతుంది.

గ్రిడ్ మీద నేరుగా జేసీబీ గానీ చైను బండి గానీ ఎక్కకూడదు. కనీసం 150 మిల్లీమీటర్ల మట్టి పడ్డాకే ఎక్కాలి. ఎక్కినా ఉన్నచోటే గిర్రున తిప్పకూడదు.

దిమ్మిస ఎవరు కొట్టాలి, ఎక్కడ?

వెనక భాగంలో పది టన్నుల రోలర్ తిరగొచ్చు. ముఖం నుంచి మీటరున్నర లోపలికి మాత్రం అది రాకూడదు. అక్కడ ప్లేట్ కంపాక్టరో, టన్ను లోపు చిన్న రోలరో వాడి, వరసకు రెండు చొప్పున 100 మిల్లీమీటర్ల పలుచని పొరలుగా తొక్కించాలి. ఇక్కడ పెద్ద రోలర్ నడిపితే బ్లాకులు బయటికి నెట్టుకుపోతాయి. అసలు తొక్కించకపోతే కొన్నాళ్లకు అక్కడ మట్టి కుంగి, గ్రిడ్‌ను బ్లాకు దగ్గర కిందికి లాగుతుంది. రెండూ ప్రమాదమే. మనుషులు ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ మీటరున్నరనే.

సాంద్రత ప్రాక్టర్ గరిష్ఠంలో కనీసం 95 శాతం రావాలి. తేమ ఆప్టిమమ్ (ప్రాక్టర్ పరీక్షలో తేలిన సరైన తేమ) దగ్గర, లేదా రెండు శాతం వరకు తక్కువ ఉండేలా చూడండి, ఎక్కువ కానివ్వొద్దు. శాండ్ రీప్లేస్‌మెంట్ టెస్ట్ (గుంట తీసి, ఇసుకతో నింపి సాంద్రత కొలిచేది) వెనక మాత్రమే కాదు, ముఖం దగ్గర కూడా చేయించండి. టెస్ట్ కుర్రాడు ఎప్పుడూ రోలర్ బాగా తిరిగిన చోటే గుంట తీస్తాడు. గుంట ఎక్కడో మీరు వేలు పెట్టి చూపించాలి.

ప్రతి మూడు వరసలకూ దారం కట్టి, తూకం గుండు వేసి ముఖం చూడండి. మూడు మీటర్ల దూరంలో 20 మిల్లీమీటర్లు మించి తేడా వస్తే ఆపి విప్పాలి.

ఆరో అడుగు: నీళ్లకు దారి

తడిసిన మట్టి బరువు పెరుగుతుంది, రాపిడి తగ్గుతుంది, వెనక నీళ్లు నిలిస్తే వాటి ఒత్తిడి అదనం. పైన చేసిన లెక్కలో నీటి ఒత్తిడి సున్నా అనుకున్నాం. ఆ సున్నాను నిజం చేయడమే ఈ అడుగు.

బ్లాకుల వెనక కంకర అడుగున 150 మిల్లీమీటర్ల చిల్లుల పైపు వేసి, చుట్టూ కంకర, దాని చుట్టూ జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టండి. వందకు ఒకటి చొప్పున వాలు ఇచ్చి, పదిహేను మీటర్లకొకసారి గోడ బయటికి తీయండి. పైపు చివర జాలీ బిగిస్తే ఎలుకలు దూరవు. కొండను కోసి కట్టే చోట, కోత ముఖంలో ఊట కనిపిస్తే గ్రిడ్ చివర వెనక కూడా నిలువుగా ఒక కంకర పొర కావాలి. ఎండాకాలంలో తవ్వితే ఊట కనిపించదు. చుట్టుపక్కల వాళ్లను అడగండి, వానాకాలంలో ఎక్కడ జల పడుతుందో వాళ్లకు తెలుసు.

రోజూ పని ముగించేటప్పుడు పై మట్టిని ముఖానికి వ్యతిరేకంగా వెనక్కి వాలు చేసి రోలర్‌తో నున్నగా మూసేయండి. రాత్రి అకాల వాన పడితే నీళ్లు బ్లాకుల వైపు రాకుండా పక్కకు పోతాయి.

ఇక పైన వచ్చే ఇంటి పనులు. మూడున్నర మీటర్ల గ్రిడ్ మేరలో ఇంకుడు గుంత, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల సంపు ఏదీ పెట్టకూడదు. ఇంకుడు గుంత మంచిదే, కానీ గోడ వెనక పెడితే వాననీటిని తీసుకెళ్లి చేతులారా గోడలో పోసినట్టే. దాన్ని గోడకు బాగా ఎడంగా, వీలైతే స్థలం రెండో కొసకు జరపండి. డాబా మీంచి దిగే పైపును కూడా గట్టి గొట్టంతో గోడ దాటించి కింద కాలువలో కలపాలి.

పైభాగం

చివరి పొర మీద నీళ్లు ఇంకని మట్టి 200 మిల్లీమీటర్లు వేసి, దాని మీద పేవింగ్ చేయండి. గోడకు సమాంతరంగా సిమెంటు కాలువ కట్టి నీళ్లు పక్కకు మళ్లించండి. కోపింగ్ బ్లాకులు జిగురుతో అతికించాలి.

కంచె స్తంభాల కోసం గోడ అయ్యాక గుంటలు తవ్వితే పై రెండు గ్రిడ్లూ తెగుతాయి. స్తంభాలు ఎక్కడ వస్తాయో ముందే అనుకుని, మట్టి నింపేటప్పుడే అక్కడ పీవీసీ గొట్టాలు నిలబెట్టి, వాటి చుట్టూ గ్రిడ్ కోసి సర్దాలి. కార్లు గుద్దకుండా కట్టే పిట్టగోడను బ్లాకుల మీద నేరుగా లేపకూడదు. దానికి వెనక్కి సాగే స్లాబు కావాలి. చెట్ల విషయానికొస్తే పూలమొక్కలు, గడ్డి వేసుకోవచ్చు. మర్రి, రావి మొలకలు బ్లాకు సందుల్లో వాటంతటవే మొలుస్తాయి, చిన్నప్పుడే పీకేయాలి.

మొదటి వానాకాలం

గోడ పూర్తయిన రోజు అడుగున, నడుమన, పైన రంగుతో గుర్తులు పెట్టి, తూకం గుండుతో దూరాలు కొలిచి రాసిపెట్టుకోండి. ఫోటోలు కూడా తీయండి. మొదటి పెద్ద వాన వెలిసిన వెంటనే గొడుగు తీసుకుని వెళ్లి పైపు చివరలు చూడండి. స్వచ్ఛమైన నీళ్లు వస్తుంటే మంచిదే. బురద నీళ్లు వస్తుంటే లోపల గుడ్డ ఎక్కడో చిరిగింది, మట్టి కొట్టుకుపోతోంది. పైన నీళ్లు నిలిచి ఉన్నా పైపుల్లోంచి చుక్క రాకపోతే దారి మూసుకుపోయిందని అనుమానించాలి.

తర్వాత పైకెక్కి నేల చూడండి. బ్లాకుల వెనక నుంచి మూడున్నర మీటర్ల దగ్గర, అంటే గ్రిడ్ ఆగిన చోట, గోడకు సమాంతరంగా సన్నటి నెర్రె కనిపించొచ్చు. రెండు రకాల మట్టి కలిసే చోటు అది, వేర్వేరుగా కుంగుతాయి. వెంట్రుక మందంలో ఉంటే నీళ్లు దిగకుండా మూసి తేదీ రాయండి. వేలు దూరేంత ఉన్నా, వారం వారం పెరుగుతున్నా, ముఖం మీద బ్లాకులు పొట్టలా ఉబ్బినా కార్లు తీయించి, కింద ఎవరూ తిరగకుండా చేసి ఇంజినీరును పిలవండి. ఉబ్బిన చోట సిమెంటు పూసి రంగు వేస్తే ఆ కదలిక ఎంత పెరుగుతోందో కొలిచే వీలు కూడా పోతుంది.

ఈ కొలతలు ఏటా వానకు ముందొకసారి, తర్వాతొకసారి తీస్తే చాలు. కోర్నర్ లెక్కల్లోని గోడల్లో ఎక్కువ శాతం కట్టిన నాలుగేళ్ల లోపే దెబ్బతిన్నాయి. కాబట్టి మొదటి రెండేళ్లతో ఆపకుండా మూడు, నాలుగో ఏడు కూడా ఆ కొలతలు రాస్తూ ఉండండి.